పక్కింటావిడ పేరేటి?

మా ఇంట్లో నెలకో ఆదివారం ఒక వింత వంట జరుగుతుంది. ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి నూరి వేయించి, పసుపూ కారం వేసి, కోడిమాంసం ఉడికించి, దాంట్లో కొబ్బరిపాలు పోస్తాం. చిక్కదనం కోసం వేయించిన శనగపిండి నీళ్ళలో కలిపి వేస్తాం. ఈ పులుసుని ఉడికించిన నూడిల్స్ మీద పోసుకుని, పైన కరకరలాడే వెల్లుల్లి ముక్కలు, వేయించిన ఉల్లిపాయలు, ఎండుమిరపకాయల పొడి, ఉడికిన కోడిగుడ్డు వేసుకుని నిమ్మకాయ పిండుకోవడమే. దీని పేరు ఖౌస్వే. కాపురానికొచ్చిన కొత్తలో నాకు ఆ పేరు నోరు తిరిగేది కాదు. నూడిల్స్ దొరకని ఆ రోజుల్లో మా అత్తగారు సేమియాతోనే చేసేవారు. 'ఇదేం వంటమ్మా, మాంసం పులుసులో సేమియా ఏమిటి?' అని మా పుట్టింటికెళ్ళినప్పుడు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

మా అత్తగారు పుట్టింది రంగూన్లో. మన పాతవాళ్ళు 'రంగం' అనేవారే, ఆ ఊరు. ఇప్పుడావిడకి ఎనభై అయిదేళ్ళు. కళ్ళు కాస్త మందగించాయి గానీ జ్ఞాపకశక్తి మాత్రం నాకంటే నయం.

పోయిన ఏడాది అలాంటి ఒక ఆదివారం, ఖౌస్వే పులుసు పొయ్యి మీదుండగానే కెనడా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, పౌరసత్వానికి అప్లై చేద్దామనుకుంటున్నాం. నాన్నగారికీ మామ్మకీ కూడా చెప్పు" అంది. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు ఇస్తారు, వచ్చిపోవచ్చు, ఉండొచ్చు. కానీ ఓటుండదు. అంటే నా కూతురు నా దేశానికి చుట్టపుచూపుగా వస్తుందన్నమాట! మీరే చెప్పండి, ఏ తల్లికైనా మనసు చివుక్కుమనదూ?

"అప్పుడే తొందరేముంది? రేప్పొద్దున్న వెనక్కొచ్చేస్తారేమో" అన్నాను.

పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తగారు చటుక్కున తలెత్తారు. "మా నాన్న కూడా ఇదే మాటన్నాడు" అన్నారు.

ఆవిడ రంగం గురించి ఎప్పుడు మాట్లాడినా తిండి గురించీ, పగోడాల గురించీ, వర్షాల గురించే. మిగతాది నలభై ఏళ్ళ కాపురంలో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే మొదటిసారి మొత్తం చెప్పారు. కొంత మావారు పుస్తకాల్లో చూసి కలిపారు.

ఆవిడ తాతగారిది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. కరువు రోజులు. ఓడరేవులో పనుందని మేస్త్రీ వచ్చి, ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టి, ఊళ్ళో కుర్రాళ్ళని ఓడెక్కించేవాడట. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ... మన తీరంలో రేవులన్నిటి నుంచీ రంగానికి ఓడలు నడిచేవి. 1937 దాకా బర్మా కూడా ఇంగ్లీషువాళ్ళ ఇండియాలోనే ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. డెక్కు మీద చాప పరుచుకుని పడుకుంటే కొన్నాళ్ళకి రంగూన్.

అలా ఎంతమంది వెళ్ళారనుకున్నారు? 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షల మందికి పైగా మన దేశస్థులున్నారు. దేశం మొత్తం మీద చూస్తే నూటికి ఏడుగురే. రంగూన్ నగరంలో మాత్రం నాలుగు లక్షల జనాభాలో రెండు లక్షల పైచిలుకు మనవాళ్ళే! నూటికి యాభై మూడు మంది. బర్మావాళ్ళు మూడో వంతు మాత్రమే. వాళ్ళ దేశపు రాజధానిలో వాళ్ళే తక్కువ!

రేవులో మూటలు మోసేది మనవాళ్ళు, రిక్షా లాగేది మనవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేది మనవాళ్ళు. అందులో తెలుగువాళ్ళది పెద్ద భాగం. మన కోరంగి రేవు పేరు మీదుగా వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. పోస్టాఫీసులో, రైల్వేలో, పోలీసుల్లో కూడా ఇండియావాళ్ళే ఎక్కువ. హిందుస్తానీ వస్తే చాలు, రంగూన్లో పనంతా జరిగిపోయేది. బర్మా భాష నేర్చుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

"మా నాన్న అక్కడ ముప్ఫయ్యేళ్ళు పైగా ఉన్నాడు. కూరగాయలు బేరం చేసేటంత బర్మా భాష మాత్రం వచ్చు. అదీ తప్పులతోనే" అన్నారు అత్తగారు.

ఇంగ్లీషువాళ్ళకి కావలసింది చవకగా పనిచేసే మనుషులు. మనవాళ్ళకి కావలసింది రెండు పూటలా అన్నం. ఇద్దరి అవసరమూ తీరింది. మరి ఆ ఊరివాళ్ళని ఎవరైనా అడిగారా? అడగలేదు. 1930ల్లో ధాన్యం ధరలు పడిపోయినప్పుడు అక్కడి రైతులు అప్పులు తీర్చలేక పొలాలు పోగొట్టుకున్నారు. తమిళదేశం నుంచి వెళ్ళిన చెట్టియార్ల దగ్గర అప్పులు చేసినవాళ్ళే వాళ్ళలో చాలామంది. ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మాలో ముఖ్యమైన వరి జిల్లాల్లో పావు వంతు పొలం చెట్టియార్ల చేతికొచ్చింది. ఊళ్ళో చూస్తే పనులు కోరంగీలవి, పల్లెలో చూస్తే పొలాలు చెట్టియార్లవి. మనమే ఆ స్థానంలో ఉంటే మనకెలా ఉండేదో ఆలోచించండి.

1930 మే నెలలో రేవులో మన తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలవాళ్ళు బర్మా కూలీల్ని పిలిచి పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే మళ్ళీ మనవాళ్ళని రమ్మని, బర్మావాళ్ళని పొమ్మన్నారు. పొద్దున్నే పనికొచ్చి ఉట్టి చేతులతో నిలబడినవాళ్ళని చూసి మనవాళ్ళలో కొందరు నవ్వారట. అత్తగారి తాత ఆ మాట పదే పదే చెప్పేవారట, "ఆ నవ్వే మన కొంప ముంచింది" అని. ఆ రోజు మొదలైన కొట్లాటలు కొన్నాళ్ళ పాటు సాగాయి. వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే. తిరగబడింది కూడా పేదవాళ్ళే, చచ్చిందీ పేదవాళ్ళే. పిలిచి పొమ్మన్న కంపెనీవాళ్ళకి ఏమీ కాలేదు.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. అత్తగారప్పుడు చంటిపిల్ల. ఓడల్లో చోటు దొరకనివాళ్ళంతా నడిచి బయల్దేరారు. కొండలు, అడవులు, కలరా, మలేరియా. నాలుగైదు లక్షల మంది అలా ఇండియాకి చేరుకున్నారంటారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అత్తగారి అన్నయ్య, ఆరేళ్ళవాడు, అరకాన్ కొండల్లో పోయాడు. అక్కడే ఒక చెట్టు కింద పెట్టి వచ్చేశారు. "మాయమ్మ చచ్చిపోయేదాకా ఆ చెట్టు ఏ వేపుందో చేత్తో చూపించేది, అదేదో ఈ పక్క వీధిలో ఉన్నట్టు" అన్నారావిడ.

ఇంత జరిగాక ఎవరైనా మళ్ళీ వెళతారా అనుకుంటాం. వెళ్ళారు! ఊళ్ళో సెంటు భూమి లేదు మరి. యుద్ధం అయిపోయాక 1946లో కుటుంబమంతా మళ్ళీ ఓడెక్కింది. అత్తగారి నాన్నగారు బియ్యం మిల్లులో గుమస్తాగా చేరి, తర్వాత చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నారు.

1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు ముందునుంచి అక్కడ ఉంటున్న పరదేశస్థులు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని కొత్త ప్రభుత్వం చట్టం చేసింది. చాలామంది మనవాళ్ళు పెట్టుకోలేదు. "ఎప్పటికైనా ఊరెళ్ళిపోయేవాళ్ళమే కదా, కాగితమెందుకు అన్నాడు మా నాన్న. ఏటేటా డబ్బు కట్టి విదేశీయుడి కార్డు రాయించుకునేవాడు. అలా అంటూనే కొట్టు పెట్టాడు, ఇల్లు కట్టాడు, అక్కడే నాకు పెళ్ళి చేశాడు. ఊరెళ్ళిపోతామన్న మాట మాత్రం మానలేదు."

1962 మార్చిలో నే విన్ అనే సైన్యాధిపతి ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నాడు. 1964 మార్చిలో ఒకరోజు అత్తగారి నాన్నగారు కొట్టుకి వెళ్ళేసరికి తలుపు మీద సీలుంది. కొట్లన్నీ ప్రభుత్వానివన్నారు. మే నెలలో యాభై, వంద చ్యాట్ల నోట్లు చెల్లవన్నారు. బియ్యం డబ్బాలో దాచుకున్న సొమ్ము రాత్రికి రాత్రి చిత్తు కాగితాలైపోయింది. ఇక అక్కడుండి ఏం చేస్తారు? ఆ నాలుగైదేళ్ళలో దాదాపు మూడు లక్షల మంది మనవాళ్ళు బర్మా వదిలి వచ్చేశారు. ఓడెక్కేటప్పుడు ఒంటిమీది నగలు కూడా లెక్కపెట్టి తీసుకున్నారట. అత్తగారి చెవిదుద్దులు అక్కడే పోయాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆవిడ కాసేపు ఊరుకున్నారు. పోయిన నగల గురించి బాధపడుతున్నారేమో అనుకున్నాను. కాదు.

"మా పక్కింట్లో ఒక బర్మా ఆవిడుండేది. పదిహేడేళ్ళు గోడకి గోడ. మీ ఆయన పుట్టినప్పుడు వేడినీళ్ళు కాచింది ఆవిడే. మేం బయల్దేరే రోజు పొద్దున్నే అన్నం మూటా, తనఖా చెక్కా పట్టుకొచ్చింది. నన్ను పేరు పెట్టి పిలిచి ఏడిచింది. నేనూ పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. నాకావిడ పేరు తెలీదే అమ్మా! పదిహేడేళ్ళు 'బర్మా ఆవిడ' అనే అనుకున్నాం ఇంట్లో."

తనఖా అంటే ఒక చెట్టు బెరడు. సానమీద అరగదీసి గంధంలా బుగ్గలకి రాసుకుంటారు అక్కడి ఆడవాళ్ళు. మా ఇంట్లో అత్తగారి టేకు పెట్టెలో అడుగున ఒక చెక్కముక్క ఉండేది. దీపావళికి పెట్టె దులిపినప్పుడల్లా 'ఈ కట్టెముక్క ఎందుకండీ, పారేద్దామా' అని అడుగుతూనే ఉన్నాను. అదేమిటో నాకా రోజు తెలిసింది.

"ఊరు మనదనుకున్నాం. ఊళ్ళోవాళ్ళని మనవాళ్ళనుకోలేదు" అన్నారావిడ. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను.

2023 వేసవిలో మేమిద్దరం అమ్మాయి దగ్గరికి వెళ్ళి అయిదు నెలలున్నాం. వాళ్ళుండేది టొరంటో పక్కన బ్రాంప్టన్. మొదటి వారం భయపడ్డాను గానీ తర్వాత ఆశ్చర్యపోయాను. గోంగూర దొరుకుతోంది, కరివేపాకు దొరుకుతోంది. వీధిలో చీరలు, సల్వార్లు, తలపాగాలు. బస్టాపులో పంజాబీ మాటలు. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతోనే పనంతా అయిపోయింది. ఇంగ్లీషుతో అవసరమే పడలేదు. తిరిగొచ్చాక అందరితో గొప్పగా చెప్పాను, "అబ్బే, అదేం పరాయి దేశమండీ, అచ్చం మనూరే" అని.

అత్తగారు మాత్రం ఒక్కటే అడిగారు. "మనవాళ్ళు ఎంతమందున్నారేటి ఆ ఊళ్ళో?"

మావారు చూసి చెప్పారు. 2021 లెక్కల్లో బ్రాంప్టన్‌లో నూటికి యాభై రెండు మంది మన దక్షిణాసియా వైపు నుంచి వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూనట. ఆవిడ ఏమీ అనలేదు. రంగూన్ లెక్క యాభై మూడని ఆ రోజు నాకు తెలియదు కదా!

ఇప్పుడు అమ్మాయి ఫోన్లో చెప్పే కబుర్లు కొంచెం మారాయి. కెనడాలో పిల్లలు పుట్టడం తక్కువ. పనికి మనుషులు కావాలి. అందుకని ఏటేటా లక్షల మందిని రానిచ్చారు. 2023 జూన్‌లో దేశ జనాభా నాలుగు కోట్లు దాటింది. ఆ పెరుగుదల దాదాపు అంతా బయటినుంచి వచ్చినవాళ్ళదే. ఇళ్ళ అద్దెలు ఆకాశానికంటాయి, డాక్టరు దొరకడం కష్టమైంది. జనం గొణగడం మొదలుపెట్టారు. 2025లో అయిదు లక్షల మందికి శాశ్వత నివాసం ఇద్దామనుకున్న ప్రభుత్వమే, 2024 అక్టోబరులో ఆ లెక్కని మూడు లక్షల తొంభై అయిదు వేలకి తగ్గించింది. ఒకసారి దుకాణంలో క్యూలో ఒక పెద్దాయన మా అమ్మాయికి వినపడేలా "మీవాళ్ళు మరీ ఎక్కువైపోయారు" అన్నాడట. పిల్ల ఆ రాత్రి ఏడ్చింది.

కెనడా బర్మా కాదు, నాకు తెలుసు. అక్కడ పరాయి దొరలెవరూ పాలించడం లేదు. రమ్మన్నదీ, చాలన్నదీ వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వమే. నచ్చకపోతే ఓటుతో చెప్పుకునే వీలుంది. వచ్చినవాడికి కూడా మూడేళ్ళు నివాసముంటే పౌరసత్వం అడిగే హక్కుంది. రెండిటికీ అంత తేడా ఉంది. కానీ మనిషి మనసుకి ఎక్కడైనా భయం ఒకటే కదా. 'మా ఊరు మాది కాకుండా పోతోందేమో' అని వాళ్ళకి, 'ఎప్పుడు పొమ్మంటారో' అని మనకి.

"కాగితం తీసుకోమను" అన్నారు అత్తగారు ఖచ్చితంగా. "ఉన్నచోట ఓటుండాలి. సగం కాలు ఇక్కడా సగం కాలు అక్కడా పెట్టి మా నాన్న బావుకున్నదేటి?"

అయితే కాగితమొక్కటే చాలదని కూడా ఆవిడే చెప్పారు. ఆవిడ చిన్నాన్నగారి కుటుంబం మోల్మేన్ దగ్గరే ఉండిపోయింది. పౌరసత్వం తీసుకున్నారు, పిల్లలు బర్మా భాషలోనే చదువుకున్నారు. 1982లో అక్కడ కొత్త చట్టం వచ్చి పౌరుల్ని మూడు తరగతులు చేసింది. పుట్టుకతో ఆ దేశపు జాతులవాళ్ళు మొదటి తరగతి. ప్రభుత్వం ఒప్పుకున్న నూట ముప్ఫై అయిదు జాతుల జాబితాలో మనవాళ్ళ పేరు లేదు. మరుసటి ఏడు లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద మనవాళ్ళు నూటికి ఒకటి పైచిలుకే తేలారు. అయినా వాళ్ళింట్లో ఇప్పటికీ ఉగాది చేసుకుంటారట. పచ్చడి పంచుకునేది మాత్రం బర్మా పక్కింటివాళ్ళతో. వాళ్ళని వెళ్ళిపొమ్మని ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ అనలేదట.

ఇంకొకటి చెప్పి నవ్వారావిడ. అక్కడ వాళ్ళని 'కలా' అనేవారు, అంటే పడమటి నుంచి వచ్చిన పరాయివాడని. మద్రాసు రేవులో దిగి, రైలెక్కి వాల్తేరు వచ్చి కాందిశీకుల కేంపులో చేరితే ఇక్కడ 'బర్మావాళ్ళు' అన్నారు. నన్ను ఇచ్చేటప్పుడు మా పెద్దమ్మ కూడా "బర్మా సంబంధమా?" అని పెదవి విరిచింది. ఆ మాట నేనిన్నాళ్ళూ మరిచిపోయాను.

అమ్మాయీ అల్లుడూ అప్లికేషను పెట్టారు. ఈ ఏడాది ప్రమాణం కూడా అయిపోయింది. ఫోన్లో చూశాం. పది దేశాలవాళ్ళు చేతులెత్తి నిలబడ్డారు. నాకు కళ్ళు తడయ్యాయి, దాచుకోవడమెందుకు! అత్తగారు మాత్రం ఫోను దగ్గరగా పెట్టుకుని, "అన్నీ సరే గానీ, నీ పక్కింటావిడ పేరేటే?" అని అడిగారు.

మనవరాలు చెప్పింది. ఆవిడ తల్లిదండ్రులు 1960ల్లో ఇటలీ నుంచి వచ్చారట. అప్పట్లో వాళ్ళని చూసి కూడా 'ఇటలీవాళ్ళు ఎక్కువైపోయారు' అనేవారట. మంచు పడితే మా వాళ్ళ గుమ్మం ముందు కూడా ఆవిడ భర్తే తోసిపెడతాడట. సంక్రాంతికి మా అమ్మాయి అరిసెలిచ్చిందట. అత్తగారు ఆ ఇటలీ పేరుని రెండుసార్లు పలికి చూసుకున్నారు, మరిచిపోకుండా.

తర్వాత నా వైపు తిరిగారు. "మరి నీకో?"

మా ఇంటి వెనక అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. రేకుల షెడ్లలో ఒరిస్సా నుంచి వచ్చిన పనివాళ్ళుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి రోజూ సాయంత్రం చంకలో బిడ్డతో మా కుళాయి దగ్గరికి నీళ్ళకొస్తుంది. పట్టుకోనిస్తాను, వద్దనను. కానీ ఎనిమిది నెలలుగా ఇంట్లో అందరం 'ఆ ఒరిస్సా మనిషి' అనే అంటున్నాం.

ఆ సాయంత్రం బిందె నిండేలోగా అడిగాను. నవ్వి చెప్పింది. వెంటనే నా పేరు కూడా అడిగింది.